అమలాపురంలో ఉంటున్న టీచర్‌ని, ప్రొఫెషనల్ కౌన్సెలర్ కావాలంటే ఏ పీజీ చదవాలి?

ప్రశ్న: కోనసీమ టీచర్

అందరికీ నమస్కారమండీ. నేను అమలాపురం దగ్గర ఒక ప్రైవేటు హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతున్నాను. బి.ఎస్సీ., బి.ఎడ్. చదివాను. బి.ఎడ్.లో ఉన్న విద్యా మనోవిజ్ఞానం తప్ప సైకాలజీతో నాకు వేరే పరిచయం లేదు.

మా బడిలో తల్లి కువైట్‌కో మస్కట్‌కో ఇంటిపనికి వెళ్ళగా అమ్మమ్మ దగ్గరో నాయనమ్మ దగ్గరో పెరుగుతున్న పిల్లలు దాదాపు ప్రతి తరగతిలోనూ ఉన్నారు. పరీక్ష రోజు ఉదయమే కడుపునొప్పి వచ్చే పిల్లలు, పదో తరగతి కాగానే కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో చేరి దసరా సెలవులకు వచ్చి మళ్ళీ వెళ్ళనని మొండికేసిన పిల్లలు కూడా నాకు తెలుసు. వాళ్ళలో కొందరు నా దగ్గరకు వచ్చి మాట్లాడతారు. నేను విని, నాలుగు ధైర్యం మాటలు చెప్పి పంపుతున్నాను. అంతకు మించి చేయవలసింది ఏదో ఉందని తెలుస్తోంది గానీ, అది ఏమిటో నేర్చుకోకుండా చేయి పెట్టడం సరికాదని నా అభిప్రాయం. అందుకే ఈ పనిని వృత్తిగా నేర్చుకోవాలని గట్టిగా అనుకుంటున్నాను.

మా పిల్లలు కాస్త పెద్దవాళ్ళయ్యారు, మా అత్తగారు ఇంట్లోనే ఉంటారు. అయినా రెండేళ్ళపాటు విశాఖలో ఉండటం కష్టమనే అనుకుంటున్నాం. కాబట్టి దూరవిద్యలో ఎం.ఏ. సైకాలజీ చేస్తే సరిపోతుందా? మూడు నెలల్లో సర్టిఫైడ్ కౌన్సెలర్ కావచ్చని ఫోన్లో వచ్చే ప్రకటనలను నమ్మవచ్చా? డిగ్రీలో సైకాలజీ లేనివారికి పీజీ సీటు ఇస్తారా? చదివిన తరువాత మన ప్రాంతంలోనే పని దొరుకుతుందా? తెలిసినవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు: గౌతమి గట్టు (రాజమహేంద్రవరం)

మేడమ్ గారూ, నేను రాజమండ్రిలో కొన్నేళ్ళుగా కౌన్సెలింగ్ చేస్తున్నాను, పీజీ విద్యార్థులకు ఇంటర్న్‌షిప్‌లో సూపర్‌విజన్ కూడా ఇస్తుంటాను. మీరు అడిగిన వాటిలో ముందుగా తేలవలసింది దూరవిద్య సంగతి. 2025 జులై, ఆగస్టు విద్యా సంవత్సరం నుంచి సైకాలజీని దూరవిద్య, ఆన్‌లైన్ పద్ధతుల్లో బోధించడానికి వీల్లేదని, కొత్తగా ఎవరినీ చేర్చుకోకూడదని యు.జి.సి. ఆదేశించింది. 2021లో వచ్చిన జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల చట్టం పరిధిలోకి సైకాలజీ రావడమే ఇందుకు కారణం. అందువల్ల ఇకమీదట దూరవిద్యలో సైకాలజీ సీటు ఇప్పిస్తామని ఎవరైనా చెబితే, ఎంత పేరున్న విశ్వవిద్యాలయం పేరు చెప్పినా సరే, ఒక్క రూపాయి కట్టవద్దు.

మీ ఇంటి పరిస్థితికి ఇది ఇబ్బందే. అయినా ఈ వృత్తి మేలు కోరేవాడిగా నేను ఆ నిర్ణయాన్ని సమర్థిస్తాను. కౌన్సెలింగ్‌లో పాఠ్యపుస్తకం నుంచి వచ్చేది కొంతే. మిగతాదంతా నిజమైన మనిషి ఎదుట కూర్చుని మాట్లాడటం, ఆ మాటలను అనుభవజ్ఞుల ముందు పెట్టి దిద్దించుకోవడం ద్వారానే వస్తుంది. 2021 చట్టం కూడా శిక్షణను గంటల్లోనే కొలిచింది: ఆరోగ్య సంరక్షణ వృత్తి నిపుణులు అనిపించుకోవడానికి 3,600 గంటలకు తగ్గని చదువు ఉండాలని నిర్వచించింది. మూడు నెలల ప్రకటనలను ఈ లెక్క పక్కన పెట్టి చూసుకోండి. అటువంటి కోర్సుల్లో కొన్ని మంచి విషయాలు చెప్పవచ్చు, ఉపాధ్యాయులకు పనికిరావచ్చు, కానీ వాటితో బోర్డు పెట్టుకుని కూర్చోవడాన్ని నేను ఒప్పుకోను.

సూపర్‌విజన్ అంటే ఏమిటో బయటివారికి సరిగా తెలియదు కనుక కాస్త వివరంగా చెబుతాను. శిక్షణలో ఉన్నవారు ఒక సెషన్ పూర్తయ్యాక, ఎదుటివారి పేరూ ఊరూ తీసేసి, జరిగిన సంభాషణను గుర్తున్నంతవరకు వరుసగా రాసుకుని రావాలి. అనుమతి ఉంటే రికార్డు చేసి రాస్తారు. దానిని వెర్బాటిమ్ అంటాం. మీరు చెప్పిన పిల్లల వంటి ఒక అమ్మాయి విషయంలో అటువంటి కాగితం ఇలా ఉంటుందనుకోండి. అమ్మాయి "అమ్మ ఫోన్ చేస్తే నాకు మాట్లాడాలనిపించదండీ" అంటుంది. శిక్షణార్థి "అలా అనకూడదమ్మా, మీ అమ్మ అంత దూరం వెళ్ళింది నీకోసమే కదా" అంటారు. అమ్మాయి "అవునండీ" అంటుంది. ఆ తరువాత పేజీ అంతా అమ్మాయి వైపు నుంచి ఒక్కొక్క ముక్క జవాబులే. "బాగానే ఉన్నానండీ." "ఏం లేదండీ." సూపర్‌వైజర్ శిక్షణార్థిని తప్పుపట్టరు. ఆ పేజీ మీద వేలు పెట్టి, అమ్మాయి మాట్లాడటం ఎక్కడ ఆగిపోయిందో చూపించమంటారు. "నీకోసమే కదా" అనగానే అమ్మాయి చెప్పబోయిన కోపానికి చోటు లేకుండా పోయింది. అదే చోట "ఫోన్ మోగగానే నీకు ఎలా ఉంటుంది?" అని అడిగి ఊరుకుని ఉంటే ఆమె ఏమి చెప్పి ఉండేదో, అప్పుడు వచ్చే కన్నీళ్ళను ఆపకుండా ఎలా కూర్చోవాలో ఇద్దరూ కలిసి ఆలోచిస్తారు. కొన్నిసార్లు అక్కడే పాత్రలు మార్చుకుని మాట్లాడి చూస్తారు. ఇలా వారం వారం జరగాలి.

మంచి మనసున్న ఉపాధ్యాయులకు అన్నిటికంటే కష్టమైన పాఠం కూడా ఇదే. పిల్ల బాధపడుతుంటే వెంటనే ఓదార్చాలనిపిస్తుంది, సలహా చెప్పాలనిపిస్తుంది. సహానుభూతి, నిష్కపటత, షరతులు లేని ఆదరణ అని 1957లో అమెరికా మనోవైజ్ఞానికుడు కార్ల్ రోజర్స్ చెప్పినవి పరీక్షలో పావుగంటలో రాసేయవచ్చు. పదమూడేళ్ళ పిల్ల ఎదురుగా మౌనంగా కూర్చున్నప్పుడు అవి మన నోటి మాటలోకి, మన ముఖంలోకి రావడానికి చాలాకాలం పడుతుంది.

ఇక ఎక్కడ చదవాలన్నది. మనకు దగ్గరలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి సైకాలజీ విభాగం కోనేరు రామకృష్ణారావు గారు 1960లలో నిలబెట్టినది. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, హైదరాబాదులో ఉస్మానియా ఉన్నాయి. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో హెల్త్ సైకాలజీ ప్రత్యేకంగా ఉంది. కౌన్సెలింగ్ పేరుతోనే పీజీ కావాలంటే బెంగళూరులో క్రైస్ట్, ముంబయిలో టాటా సామాజిక శాస్త్రాల సంస్థ వంటివి చూడాలి, అయితే అక్కడ ఖర్చు గానీ పోటీ గానీ ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లోని రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు ఏపీ పీజీసెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి, కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు సీయూఈటీ పీజీ. డిగ్రీలో సైకాలజీ లేనివారిని కొన్ని చోట్ల చేర్చుకుంటారు, కొన్ని చోట్ల చేర్చుకోరు. కనుక ఆ ఏటి సమాచార పత్రంలో అర్హత చూసుకున్నాకే దరఖాస్తు పెట్టండి.

అయితే విశ్వవిద్యాలయం పేరు చూసి చేరిపోవద్దు. ఆ విభాగానికి స్వయంగా వెళ్ళి రెండో సంవత్సరం విద్యార్థులను కలుసుకోండి. ప్రాక్టికల్ అంటే పరీక్షా పత్రాలు ఒకరి మీద ఒకరు నింపుకోవడమేనా, లేక నిజంగా బాధతో వచ్చినవారితో కూర్చుంటున్నారా అని అడగండి. ఎవరు సూపర్‌వైజ్ చేస్తున్నారు, వారు స్వయంగా కౌన్సెలింగ్ చేస్తున్నవారేనా, వారానికి ఎంతసేపు ఇస్తున్నారు అని అడగండి. ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ సంతకం పెట్టి ఇచ్చేస్తారా అన్నది మాత్రం అధ్యాపకులను కాక విద్యార్థులనే అడగండి. వారు నిజం చెబుతారు.

జవాబు: కాకినాడ క్లినిక్

పై జవాబుతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. నేను క్లినికల్ సైకాలజిస్టుని కాబట్టి హద్దుల గురించి చెప్పవలసిన బాధ్యత నాది అనుకుంటున్నాను.

ఎం.ఏ. లేదా ఎం.ఎస్సీ. సైకాలజీ చదివినంత మాత్రాన క్లినికల్ సైకాలజిస్టు కారు. ఆ పేరు పెట్టుకోవాలంటే 1992 నాటి చట్టం కింద ఏర్పడిన భారత పునరావాస మండలి గుర్తించిన వృత్తి కోర్సు చేసి, దాని కేంద్ర రిజిస్టరులో నమోదు కావాలి. ఇంతకాలం ఆ కోర్సు రెండేళ్ళ ఎం.ఫిల్.గా ఉండేది. కొత్త విద్యా విధానం ఎం.ఫిల్.ను తీసివేసినా, క్లినికల్ సైకాలజీ, సైకియాట్రిక్ సోషల్ వర్క్ రెండింటికి మాత్రం 2025–26 వరకు ప్రవేశాలకు యు.జి.సి. గడువు ఇచ్చింది. ఆ మార్గంలోకి రావాలనుకునేవారు మండలి ప్రస్తుతం ఏ కోర్సులను గుర్తిస్తోందో దాని వెబ్‌సైటులోనే చూసుకోవాలి, ఏజెంట్ల మాట వినకూడదు. మీ లక్ష్యం బడి పిల్లలతో కౌన్సెలింగ్ అయితే ఈ మార్గం తప్పనిసరి కాదు. మందులు రాసే అధికారం సైకియాట్రిస్టుది, కౌన్సెలరుకూ మాకూ కూడా అది లేదు.

మీరు ఏ డిగ్రీ తీసుకున్నా, ఎవరిని మీ దగ్గర ఉంచుకోవాలో, ఎవరిని వెంటనే పంపాలో గుర్తుపట్టే విద్య మీకు రావాలి. డెల్టాలో మనసు బాధ చాలాసార్లు ఒంటి బాధగానే వస్తుంది: గుండె దడ, తల తిమ్మిరి, అరికాళ్ళ మంటలు, నరాల బలహీనత, ఊపిరి ఆడకపోవడం. చెరువులో రొయ్య పోయి అప్పులో ఉన్న రైతు గాభరాగా ఉందని గుండె డాక్టరు దగ్గరకే ముందు వెళతాడు. వెళ్ళడం మంచిదే, ఎందుకంటే రక్తహీనత, థైరాయిడ్ వంటివి కూడా ఇలాగే కనిపిస్తాయి. వాటిని చూపించకుండా అంతా మనసులోనే ఉందని కౌన్సెలరు తేల్చేయకూడదు. అలాగే లేని మాటలు వినిపిస్తున్నాయన్నా, వారాల తరబడి నిద్రా తిండీ మానేసినా, మూర్ఛ వచ్చినా అది కౌన్సెలింగ్ గదిలో తేలే విషయం కాదు. బోధనాసుపత్రుల్లో సైకియాట్రీ విభాగాలుంటాయి. కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, ప్రైవేటు మెడికల్ కాలేజీల ఆసుపత్రులు అమలాపురంలోనూ రాజానగరంలోనూ ఉన్నాయి. అక్కడ ఒకరినైనా ముందే పరిచయం చేసుకుని ఉంచుకోండి.

ఆత్మహత్య ఆలోచన ఉందా అని సూటిగా అడగడానికి చాలామంది భయపడతారు. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. మెల్లగా, స్పష్టంగా అడగడం, ఉందని చెబితే ఎలా అనుకున్నారో అడగడం, ఇంట్లో పురుగుమందు డబ్బా ఎక్కడ ఉందో కనుక్కుని దానిని ఇంటివారితో తీయించడం, ఆ రోజు ఒంటరిగా పంపకపోవడం అనే వరుస మీ చేతికి అలవాటు కావాలి. వ్యవసాయ కుటుంబాల్లో ఆ డబ్బా చేతికి అందేంత దూరంలోనే ఉంటుంది, అందుకే ఇంత నొక్కి చెబుతున్నాను. ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ సేవ టెలీమానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. శిక్షణ మొదలుకాకముందే ఆ నంబరు మీ స్టాఫ్ రూమ్‌లో అంటించండి.

జవాబు: పాలకొల్లు మాస్టారు

అమ్మా, నేను ఉపాధ్యాయుడిగా ఉంటూనే ఎన్‌సీఈఆర్‌టీ వారి గైడెన్స్, కౌన్సెలింగ్ డిప్లొమా చేశాను. అది ఏడాది కోర్సు. నేను చేసినప్పుడు మొదటి ఆరు నెలలు ఇంటి దగ్గర ఉండే చదివాను, తరువాత మూడు నెలలు కేంద్రంలో ఉండి తరగతులకు హాజరయ్యాను, చివరి మూడు నెలలు సొంత బడిలో ఇంటర్న్‌షిప్ చేశాను. కేంద్రాల్లో మైసూరు ప్రాంతీయ విద్యా సంస్థ మనకు వీలైనది. ఇది పీజీ డిగ్రీకి సమానం కాదు గానీ, మీలాంటివారికి రెండేళ్ళు ఇల్లు వదలకుండా మొదలుపెట్టడానికి ఇంతకంటే గట్టి మెట్టు నాకు కనిపించలేదు. తమ పాఠశాలల్లో కౌన్సెలర్ ఉండాలని సి.బి.ఎస్.ఇ. నిబంధన పెట్టింది కనుక మన దగ్గరి పట్టణాల్లో ఆ సిలబస్ బడులు ఈ పనికి మనుషులను అడుగుతున్నాయి. అయితే చాలాచోట్ల కౌన్సెలరు పేరుతో తీసుకుని రోజుకు నాలుగు పీరియడ్లు అప్పగిస్తారు. చేరేటప్పుడే ఈ విషయం మాట్లాడుకోండి.

ఇంకొక్క మాట చెప్పాలి. రహస్యం కాపాడతామని పిల్లలకు హద్దు లేకుండా మాట ఇవ్వవద్దు. పద్దెనిమిదేళ్ళలోపు పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి, దాచితే శిక్ష ఉంటుంది. కనుక మొదటి రోజే, "నువ్వు చెప్పినది నా దగ్గరే ఉంటుంది, కానీ నీకు ప్రమాదం ఉందని తెలిస్తే నేను ఊరుకోను, ఎవరికి చెబుతున్నానో నీకు ముందే చెబుతాను" అని పిల్లలకు అర్థమయ్యేలా చెప్పాలి.

కోనసీమ టీచర్

ఇంత ఓపికగా చెప్పినందుకు మీ అందరికీ నమస్కారాలు. మరో రెండు సందేహాలున్నాయి. ఎం.ఎస్.డబ్ల్యూ. (సోషల్ వర్క్‌లో పీజీ) చేసినా కౌన్సెలర్ కావచ్చని మా సహోద్యోగి అంటున్నారు, అది నిజమేనా? రెండోది, మాది చిన్న ఊరు. ఏ ఇంటి ముందు ఎవరి బండి ఆగిందో సాయంత్రానికల్లా అందరికీ తెలిసిపోతుంది. ఇటువంటి చోట మనుషులు కౌన్సెలర్ దగ్గరకు ఎలా వస్తారు?

జవాబు: ఉండి సోషల్ వర్కర్

నిజమేనండీ. ఎం.ఎస్.డబ్ల్యూ.లో మెడికల్ అండ్ సైకియాట్రిక్ సోషల్ వర్క్ స్పెషలైజేషన్ తీసుకోవచ్చు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సోషల్ వర్క్ విభాగం చాలాకాలంగా ఉంది. ఈ కోర్సు బలమంతా ఫీల్డ్‌వర్క్‌లో ఉంది. తరగతులు జరుగుతుండగానే వారంలో కొన్ని రోజులు ఆసుపత్రికో స్వచ్ఛంద సంస్థకో బస్తీకో వెళ్ళి పనిచేయాలి, నివేదిక రాయాలి. హెచ్ఐవీ పరీక్షా కేంద్రాల కౌన్సెలర్ ఉద్యోగాలకు, మద్యం మాన్పించే కేంద్రాలకు, మహిళల సఖి కేంద్రాలకు ఎం.ఎస్.డబ్ల్యూ. చదివినవారిని తీసుకుంటారు. కొరత ఎక్కడంటే, ఒక మనిషితో నెలల తరబడి కూర్చుని చేసే లోతైన కౌన్సెలింగ్‌కు కావలసిన మెళకువలు ఇందులో తక్కువగా నేర్పుతారు. అవి తరువాత విడిగా నేర్చుకోవాలి. నా ఉద్దేశంలో మీకు పిల్లల మనసు మీద ఆసక్తి ఎక్కువ కాబట్టి సైకాలజీయే సరైనది. కుటుంబం, అప్పు, తాగుడు, వలస అన్నీ కలిపి చూడాలనుకునేవారికి సోషల్ వర్క్ సరిపోతుంది.

రెండో ప్రశ్నకు నా అనుభవంలోంచే చెబుతాను. విడిగా బోర్డు పెట్టిన గదికి మొదట్లో ఎవరూ రారు. నాలుగు పనుల మీద వచ్చే చోట ఐదో పనిగా ఉంటేనే వస్తారు. పిల్లల డాక్టరు గారి క్లినిక్‌లో వెనుక గది, గ్రంథాలయంలో ఒక మూల, ఆరోగ్య కేంద్రంలో గర్భిణుల పరీక్షల రోజు ఇటువంటివి మాకు బాగా ఉపయోగపడ్డాయి. గది తలుపు మూసుకునేలా ఉండాలి, బయట కూర్చున్నవారికి మాట వినపడకూడదు. ఒకరి తరువాత ఒకరు ఎదురుపడకుండా వేళలు ఇవ్వాలి. దారిలో, పెళ్ళిలో, సంతలో ఎదురైతే మీరుగా పలకరించవద్దు, వారు పలకరిస్తే పలకండి, ఈ సంగతి వారికి ముందే చెప్పి ఉంచండి. చుట్టరికం ఉన్నవారిని, మీ తరగతిలో మీరే మార్కులు వేసే పిల్లలను తీసుకోకుండా పక్క ఊరి కౌన్సెలరుకు పంపడం మంచిది. చిన్న ఊళ్ళో ఇది పాటించడం ఎంత కష్టమో నాకు తెలుసు, అయినా పాటించాలి.

జవాబు: డాలస్ నుంచి ఆచంట

ఇక్కడి లెక్క కూడా తెలిస్తే పోల్చుకోవడానికి వీలవుతుందని రాస్తున్నాను. అమెరికాలో కౌన్సెలింగ్ మాస్టర్స్ కోర్సులకు గుర్తింపు ఇచ్చే సీఏసీఆర్ఈపీ ప్రమాణాల ప్రకారం విద్యార్థి 100 గంటల ప్రాక్టికమ్ (పర్యవేక్షణలో చేసే తొలి అభ్యాసం), తరువాత 600 గంటల ఇంటర్న్‌షిప్ చేయాలి. ఆ 600లో 240 గంటలు నేరుగా క్లయింట్లతో గడపాలి. డిగ్రీ వచ్చాక కూడా టెక్సస్‌లో పూర్తి లైసెన్సు రావాలంటే సూపర్‌విజన్ కింద 3,000 గంటలు పనిచేయాలి, అందులో 1,500 గంటలు క్లయింట్ల ఎదుటే ఉండాలి. మన దగ్గర చదివే పిల్లలు ఈ అంకెలను ముందు పెట్టుకుని, తమ కోర్సు ఎన్ని గంటలు ఇస్తోందో అడగాలని నా కోరిక. ఇక్కడికి వచ్చి ప్రాక్టీసు చేద్దామనుకునేవారు మాత్రం ఇండియా డిగ్రీ ఒక్కదానితో కుదురుతుందని అనుకోవద్దు, ప్రతి రాష్ట్రానికీ వేరే నిబంధనలున్నాయి.

జవాబు: గౌతమి గట్టు (రాజమహేంద్రవరం)

మేడమ్ గారూ, అందరూ చెప్పినవి చూశాక నా సలహాను మీ పరిస్థితికి తగ్గట్టు సవరిస్తున్నాను. వెంటనే ఇల్లు కదలలేకపోతే మాస్టారు చెప్పిన డిప్లొమాకు ప్రవేశ ప్రకటన ఉందేమో మొదట చూడండి. ఈలోగా పీజీసెట్ సమాచార పత్రంలో అర్హత సంగతి తేల్చుకుని, విశాఖలో విభాగాన్ని ఒకసారి చూసి రండి. రాజమండ్రి దాకా బస్సులో వచ్చి అక్కడ రైలెక్కితే ఉదయం బయలుదేరి పని చూసుకుని రాత్రికి ఇల్లు చేరవచ్చు. పీజీలో సీటు వస్తే హాస్టల్లో ఉండి శని, ఆదివారాల్లో ఇంటికి వచ్చే తల్లులు మా ఇంటర్న్‌లలో ఉన్నారు, అసాధ్యమేమీ కాదు. కానీ హాజరు కోసం సంతకం పెట్టించుకుని ఇంట్లో చదువుకోవచ్చని ఎవరైనా చెబితే ఆ కాలేజీలో చేరవద్దు.

బడిలో పిల్లలు ఇప్పుడు కూడా మీ దగ్గరకు వస్తూనే ఉంటారు కదా, వారిని వద్దనవలసిన పని లేదు. వినండి, సలహా తగ్గించండి, ప్రమాదం అనిపిస్తే కాకినాడ వారు చెప్పిన వరుస పాటించండి. మీరు రాజమండ్రి వైపు వచ్చే పని ఉంటే ముందుగా ఇక్కడే సందేశం పెట్టండి. మా ఇంటర్న్‌ల సామూహిక సూపర్‌విజన్ నెలకోసారి ఆదివారం ఉదయం జరుగుతుంది. అందులో మనుషుల వివరాలు బయటపడవు కాబట్టి, రహస్యం పాటిస్తానని రాసి ఇచ్చినవారిని పరిశీలకులుగా కూర్చోనిస్తాం.